బార్బోజా సర్వీసు రిజిస్టరు



ఈ తూరి మన వలసల చరిత్ర కాదు, పాత శాసనాలూ కాదు. బ్రెజిల్ దేశపు ఒక గోల్‌కీపర్ గురించి రాస్తున్నాము. "మన సంఘానికి, ఫుట్‌బాలుకు ఏమి సంబంధం?" అని అడగబోయే పెద్దలు రవంత ఓపిక పట్టండి. ఆ మధ్య క్రికెట్టులో మనవాళ్ళు ఓడిన రాత్రి, క్యాచ్ వదిలిన ఒక పిల్లవాడి బొమ్మ పెట్టి, వాడు ఏ ఊరివాడు, ఏ కులంవాడు అని మన గుంపులోనే నలుగురు రాసిన రాతలు చూసినాము. రాసినవాళ్ళు మాకు తెలిసినవాళ్ళే, మంచివాళ్ళే. వాళ్ళతో వాదం పెట్టుకోవడానికి కాదు, ఈ మనిషి కథ చెప్పడానికి కూర్చున్నాము.

మా ఉద్యోగంలో జాస్తి కాలం పర్సనల్ బ్రాంచిలో సర్వీసు రిజిస్టర్లతో గడిచింది. ఒక మనిషి చేరిన తేదీ మొదలు రిటైరయ్యే రోజు దాకా అంతా అందులో ఉంటుంది. ఇంక్రిమెంట్లు, ప్రమోషన్లు, బదిలీలు, లీవులు, అవార్డులు, శిక్షలు. ఎవరి రిజిస్టరైనా పైకి పంపితే కొందరు నేరుగా శిక్షల పేజీకే తిప్పుతారు. దానికి ముందున్న ముప్పై ఏండ్ల పేజీలు వాళ్ళకు అక్కరలేదు. బార్బోజాకు జరిగింది అదే. మేము మొదటి పేజీ నుంచి తిప్పుతాము.

పూర్తి పేరు మొఆసిర్ బార్బోజా నాసిమెంటో. 1921 మార్చి 27న సావో పాలో రాష్ట్రంలోని కాంపినాస్‌లో పుట్టినాడు. నల్లజాతివాడు. బ్రెజిల్‌లో బానిసత్వం రద్దయింది 1888లో. అంటే ఆయన పుట్టేనాటికి 33 ఏండ్లే అయింది. బానిసలుగా పుట్టిన ముసలివాళ్ళు అప్పటికి ఇంకా వీధుల్లో తిరుగుతున్నారు. మొదట్లో ఆయన ముందు వరసలో అంచు మీద పరుగెత్తే ఆటగాడు, తర్వాతే గోలు దగ్గరికి వచ్చినాడు. సావో పాలో నగరంలో ఇపిరంగా అనే క్లబ్బులో పేరు తెచ్చుకొని, 1945లో రియో డి జనీరోలోని వాస్కో ద గామా క్లబ్బుకు చేరినాడు. చేతులకు గ్లౌజులు వేసుకొనేవాడు కాదు. బంతి చర్మం చేతికి తెలియాలి అనేవాడు. ఆ పట్టుదలకు వేళ్ళు ఎన్నో సార్లు విరగ్గొట్టుకున్నాడు.

ఈ వాస్కో క్లబ్బు దగ్గర రవంత ఆగాలి. మన సంఘం వాళ్ళకు రుచించే సంగతి ఇందులో నిండా ఉంది. రియోకు బతుకుతెరువుకు వచ్చిన పోర్చుగీసువాళ్ళు 1898 ఆగస్టు 21న పెట్టుకున్న సంఘం అది. మొదట పడవ పందేల కోసం. వాస్కో ద గామా మన పక్కనున్న కోళికోడు రేవుకు వచ్చి ఆ సంవత్సరానికి సరిగ్గా 400 ఏండ్లు కాబట్టి ఆయన పేరు పెట్టుకున్నారు. తర్వాత ఫుట్‌బాలు కూడా మొదలుపెట్టినారు. 1923లో రియో నగరపు మొదటి తరగతి పోటీలోకి వచ్చిన మొదటి ఏడే గెలిచినారు. జట్టులో నల్లవాళ్ళు, మిశ్రమ జాతివాళ్ళు, కూలిపని చేసుకొనేవాళ్ళు, చదువు సరిగా రానివాళ్ళు. పెద్దింటి క్లబ్బులకు అది మింగుడు పడలేదు. మరుసటి ఏడు వేరే లీగు పెట్టుకొని, 12 మంది ఆటగాళ్ళను తీసేస్తే మిమ్మల్ని చేర్చుకుంటాము అన్నారు. 1924 ఏప్రిల్ 7న వాస్కో అధ్యక్షుడు జవాబు రాసినాడు: ఆ 12 మందిని వదులుకొని మీతో చేరము.

మీకు సొంత మైదానం కూడా లేదు అని ఇంకో కొక్కెం వేసినారు. సభ్యులు చందాలు ఎత్తి 1927 ఏప్రిల్ 21న సావో జనువారియో అనే మైదానాన్ని తెరిచినారు. కట్టడం ఏడాది లోపల ముగిసింది. (మన కల్యాణ మండపం రెండో అంతస్తుకు ఎన్నేండ్లుగా చందా వసూలు చేస్తున్నామో ఇక్కడ రాయము. కోశాధికారి గారు మాకు దగ్గరివారు.) పరాయి ఊళ్ళో సంఘం పెట్టుకున్న వలసదారులు, తమకంటే కింది మెట్టు మీద ఉన్నవాళ్ళను బయటికి తోయలేదు. మాకు ఆ క్లబ్బు మీద గౌరవం పుట్టింది ఈ సంగతి వల్లనే, కప్పుల వల్ల కాదు.

కప్పులు కూడా తక్కువేమీ కాదు. 1945 నుంచి 1952 దాకా ఆడిన ఆ జట్టుకు జనం పెట్టిన పేరు "ఎక్స్‌ప్రెసో ద వితోరియా", అంటే గెలుపు ఎక్స్‌ప్రెస్సు. రైల్వేవాళ్ళకు ఇంతకంటే ఏమి కావాలి! 1945, 1947, 1949 సంవత్సరాల్లో రియో పోటీని ఒక్క ఆట కూడా ఓడకుండా గెలిచినారు. మూడు సార్లూ బార్బోజా ఆ జట్టులో ఉన్నాడు. 1948లో చిలీ రాజధాని శాంటియాగోలో దక్షిణ అమెరికా దేశాల చాంపియన్ క్లబ్బులకు ఒక పోటీ జరిగింది. వాస్కో ఆరు ఆటలు ఆడి ఒక్కటీ ఓడలేదు, పడిన గోల్సు మూడే. అర్జెంటీనా నుంచి వచ్చిన రివర్ ప్లేట్ జట్టులో ఆల్ఫ్రెడో డి స్టెఫానో లాంటివాడు ఉన్నాడు, అయినా బార్బోజా మీద ఒక్క గోలు పడలేదు. 1949లో బ్రెజిల్ జట్టు దక్షిణ అమెరికా కప్పు గెలిచింది. చివరి రోజు పరాగ్వే చేతిలో 1-2తో దెబ్బ తిని, మళ్ళీ పెట్టిన ఆటలో అదే పరాగ్వేను 7-0తో కొట్టింది. అప్పుడూ గోలులో ఆయనే. ఈ పేజీలన్నీ చూసినవాడెవడూ ఈయన్ని తక్కువ గోల్‌కీపర్ అనలేడు. ఆ కాలంలో ప్రపంచంలోనే మంచి గోల్‌కీపర్లలో ఒకడు అన్నా అతిశయం కాదు.

ఇక 1950. ప్రపంచకప్పు బ్రెజిల్‌లో. మన భారతదేశానికి కూడా చోటు వచ్చింది, స్వీడన్, ఇటలీ, పరాగ్వేలతో ఒకే గ్రూపులో. మనవాళ్ళు పోలేదు. బూట్లు లేక పోలేదు అని అందరూ చెప్పుకుంటారు. ఆ కథను అంత గట్టిగా నమ్మకండి, ఆ రోజుల్లో మన ఫుట్‌బాల్ పెద్దల కంటికి ఒలింపిక్సే కనపడేవి, ప్రపంచకప్పు ఆనలేదు.

ఆ ఏడు ఫైనల్ అని ఒక ఆట లేదు. చివరకు మిగిలిన నాలుగు జట్లు ఒకరితో ఒకరు ఆడాలి, పాయింట్లు జాస్తి వచ్చినవాళ్ళకు కప్పు. బ్రెజిల్ స్వీడన్‌ను 7-1తో, స్పెయిన్‌ను 6-1తో కొట్టింది. ఉరుగ్వే స్పెయిన్‌తో 2-2, స్వీడన్ మీద కష్టపడి 3-2. జూలై 16న బ్రెజిల్, ఉరుగ్వే ఆడాలి. బ్రెజిల్‌కు డ్రా చాలు.

ఓడిపోవడం గోలులో మొదలు కాలేదు. అంతకు ముందే మొదలైంది. ఊరికి దూరంగా నిశ్శబ్దంగా ఉన్న బస నుంచి ఆటగాళ్ళను రియో నడిబొడ్డుకు దగ్గరలోని వాస్కో మైదానానికి మార్చినారు. అక్టోబరులో ఎన్నికలు. నాయకులు ఒకరి వెనక ఒకరు వచ్చి ఉపన్యాసాలు, ఫోటోలు. ఒక పత్రిక ఆట జరగకముందే జట్టు బొమ్మ వేసి వీళ్ళే ప్రపంచ విజేతలు అని అచ్చు వేసింది. మైదానంలో ఆట మొదలు కాకముందే రియో మేయరు మైకులో ఆటగాళ్ళను విజేతలు అని పిలిచినాడు. పెళ్ళికొడుకు రాకముందే పందిట్లో భోజనాలు పెట్టినట్టు అన్నమాట.

కొత్తగా కట్టిన మరకానా స్టేడియం. టికెట్టు కొన్నవాళ్ళే 1,73,850 మంది. అంతా కలిపి సుమారు రెండు లక్షలు అంటారు. మొదటి సగంలో గోలు లేదు. రెండో సగం మొదలైన రెండు నిమిషాలకే ఫ్రియాసా గోలు కొట్టినాడు. బ్రెజిల్ 1-0. అప్పుడు ఉరుగ్వే కెప్టెన్ ఓబ్దూలియో వరేలా బంతి చంకలో పెట్టుకొని, తొందర లేకుండా, రెఫరీతో వాదం పెట్టుకొని కాలం గడిపినాడు. జనం కేకలు చల్లారేదాకా ఆట మొదలు పెట్టనివ్వలేదు. 66వ నిమిషంలో కుడి అంచున అల్సిడెస్ గిగ్గియా, తనను ఆపాల్సిన బిగోడెను దాటి పరుగెత్తి బంతిని మధ్యలోకి ఇచ్చినాడు. స్కియాఫినో కొట్టినాడు. 1-1. అప్పటికీ కప్పు బ్రెజిల్‌దే.

79వ నిమిషం. మళ్ళీ అదే కుడి అంచు, మళ్ళీ గిగ్గియా, మళ్ళీ బిగోడె వెనకపడినాడు. పదమూడు నిమిషాల ముందు అక్కడి నుంచే బంతి మధ్యకు వచ్చి గోలయింది. బార్బోజా ఏమి చేయాలి? ఈసారి కూడా మధ్యకే ఇస్తాడని గోలు స్తంభం దగ్గర నుంచి ఒక అడుగు బయటకు వేసినాడు. గిగ్గియా మధ్యకు ఇవ్వలేదు. స్తంభానికి, బార్బోజాకు నడుమ ఉన్న సందులోకి నేల మీదుగా కొట్టినాడు. బార్బోజా ఎడమకు దూకినాడు, చేతికి బంతి తగిలింది కూడా. తగిలింది కదా, బయటికి పోయి ఉంటుంది అనుకున్నాను, స్టేడియం మొత్తం మూగబోయింది, అప్పుడు ధైర్యం చేసి వెనక్కి తిరిగి చూస్తే బంతి వలలో ఉంది, అని తర్వాత ఆయనే చెప్పుకున్నాడు.

ఫిఫా అధ్యక్షుడు జూల్స్ రిమే 1-1 ఉన్నప్పుడు పై నుంచి మెట్లు దిగడం మొదలుపెట్టినాడు, జేబులో బ్రెజిల్‌కు అభినందన ప్రసంగం పెట్టుకొని. కిందికి వచ్చేసరికి అంతా అయిపోయింది. బ్యాండు లేదు, వరస లేదు. ఆ గందరగోళంలో వరేలాను వెతుక్కొని కప్పు చేతిలో పెట్టి పోయినాడు. దీన్ని ఆ దేశంలో "మరకానాసో" అంటారు, మరకానా దెబ్బ అని.

మరి తప్పు ఎవరిది? పదకొండు మంది ఆడినారు. స్వీడన్ మీద ఏడు, స్పెయిన్ మీద ఆరు కొట్టిన ముందు వరస ఆ రోజు ఒక్క గోలే కొట్టింది. డ్రా చాలు అన్నప్పుడు వెనక గట్టిగా నిలవాలి అని చెప్పాల్సిన కోచ్ ఫ్లావియో కోస్టా ఉన్నాడు. ఒకే అంచు నుంచి రెండు సార్లు మనిషి వచ్చినాడు, నడుమ దాన్ని సరిచేసినవాడు లేడు. ఉపన్యాసాలు ఇచ్చిన నాయకులు ఉన్నారు. వీళ్ళెవరి పేరూ జనం నోట నిలవలేదు. రైల్వేలో ప్రమాదం జరిగితే విచారణ కాగితాలు మా బల్ల మీదుగానే పోయేవి. సిబ్బంది తక్కువ, సామాన్లు పాతవి, డ్యూటీ గంటలు జాస్తి అని అందరికీ తెలుసు. కానీ చార్జిషీటు మొదట వచ్చేది చివరగా చెయ్యి పెట్టినవాడికి, గేటు దగ్గర నిలబడినవాడికి. గోల్‌కీపరు ఉద్యోగమూ గేటు దగ్గరదే.

ఇంకొక సంగతి ఉంది, అది చెప్పకుండా ఈ కథ ముగియదు. బ్రెజిల్ జనం వేలు చూపింది ముగ్గురి మీద: బార్బోజా, బిగోడె, జువెనాల్. ముగ్గురూ నల్లవాళ్ళు. నల్లవాళ్ళకు గుండె ధైర్యం తక్కువ, పెద్ద ఆటలో నిలవలేరు అని ఆ దేశంలో చదువుకున్నవాళ్ళు కూడా మాట్లాడినారు. ఆ మాటకు జవాబు ఆ మైదానంలోనే నిలబడి ఉంది, ఎవరూ చూడలేదు. గెలిచిన ఉరుగ్వే కెప్టెన్ వరేలా మిశ్రమ జాతివాడు, ఆయనకు వాళ్ళ దేశంలో ముద్దు పేరే "నల్ల నాయకుడు". అదే జట్టులో రోద్రిగెస్ అంద్రాదె నల్లవాడు. ఒకే రోజు, ఒకే ఆట. గెలిచినవాళ్ళ రంగు ఎవరికీ కనపడలేదు, ఓడినవాళ్ళ రంగే కనపడింది.

చొక్కాకు కూడా శిక్ష పడింది. బ్రెజిల్ అప్పటిదాకా తెల్ల చొక్కా, నీలం కాలరుతో ఆడేది. అది అచ్చిరాలేదని 1953లో ఒక పత్రిక కొత్త చొక్కాకు పోటీ పెట్టింది. ఇప్పుడు ప్రపంచమంతా గుర్తుపట్టే పసుపు చొక్కా అలా పుట్టింది. గీసినవాడు ఆల్దిర్ గార్సియా ష్లీ అనే కుర్రవాడు. తమాషా ఏమంటే అతను ఉరుగ్వే సరిహద్దు ఊరివాడు, మనసు ఉరుగ్వే జట్టు వైపే.

ఇక్కడితో బార్బోజా ఆట ముగిసింది అనుకుంటారు చాలామంది. ముగియలేదు. ఆరు నెలలకే, 1951 జనవరిలో, అదే మరకానాలో, వాస్కో 1950వ సంవత్సరపు రియో పోటీ గెలిచింది. గోలులో బార్బోజా. ఏప్రిల్‌లో వాస్కో ఉరుగ్వేకే వెళ్ళి పెన్యరోల్ క్లబ్బుతో ఆడింది. అటుపక్క గిగ్గియా, వరేలా, ప్రపంచకప్పు గెలిచిన మనుషులే. వాస్కో 3-0తో గెలిచింది. గిగ్గియా ఆ రోజు బార్బోజా మీద గోలు కొట్టలేకపోయినాడు. ఈ సంగతి ఎంతమందికి తెలుసు? మాకూ ఈ వ్యాసానికి కూర్చున్నప్పుడే తెలిసింది.

1952లో మళ్ళీ రియో పోటీ గెలుపు. జాతీయ జట్టుకు మాత్రం ఆయన్ని ఇంకొక్క సారే పిలిచినారు, 1953లో, ఈక్వడార్ మీద. అదే ఏడు కాలు విరిగింది. 1954 ప్రపంచకప్పుకు ఆయన లేడు. తర్వాత రెసీఫె ఊళ్ళో శాంతా క్రూజ్, రియోలో బోన్‌సుసెసో, మళ్ళీ వాస్కో, చివరకు కాంపో గ్రాండె. 1962లో, 41 ఏండ్ల వయసులో ఆట మానినాడు.

మానిన తర్వాత ఉద్యోగం ఎక్కడ? మరకానా స్టేడియంలోనే. ఇరవై ఏండ్లకు పైగా అక్కడే పనిచేసినాడు. రోజూ ఆ గోలు పక్కనుంచి నడిచి పోవాలి. 1963లో పాత కొయ్య స్తంభాలు తీసి కొత్తవి నాటినప్పుడు, ఆ పాతవి ఆయనకే ఇచ్చేసినారని, ఆయన స్నేహితులను ఇంటికి పిలిచి ఆ కొయ్యలతోనే నిప్పు చేసి మాంసం కాల్చి పెట్టినాడని చెప్తారు. కొందరు ఇది కట్టుకథ అంటారు. నిజమైతే బాగుండు అని మా ఆశ.

సుమారు 1970లో ఒక అంగడిలో ఒక తల్లి, పక్కనున్న చిన్న కొడుక్కు ఈయన్ని చూపించి, "చూడురా, బ్రెజిల్ మొత్తాన్ని ఏడిపించిన మనిషి వీడే" అనిందట. అప్పటికి 20 ఏండ్లు. ఆ పిల్లవాడు ఆ ఆట నాటికి పుట్టి కూడా ఉండడు. బార్బోజా ఈ సంగతి తర్వాత చాలాసార్లు చెప్పుకున్నాడు. 1993లో జాతీయ జట్టు శిక్షణ శిబిరం చూద్దామని పోతే లోపలికి రానివ్వలేదు, అపశకునమట. మన ఊళ్ళలో శుభకార్యానికి ఎవరిని ఎదురు రావద్దు అంటారో మీకు తెలుసు. ఆ మాటే మాకు గుర్తుకు వచ్చింది.

ఈ దేశంలో ఎంత పెద్ద నేరానికైనా గరిష్ఠ శిక్ష 30 ఏండ్లే, నేను 50 ఏండ్లుగా కడుతున్నాను అని చివరి రోజుల్లో అన్నాడు. పిల్లలు లేరు. భార్య క్లోటిల్డె 1997లో పోయింది. సముద్రపు ఒడ్డున ప్రాయా గ్రాండె అనే ఊళ్ళో, వాస్కో క్లబ్బు చేసిన కొద్ది సాయంతో, అభిమానించేవాళ్ళ ఆదరణతో బతికినాడు. 2000 ఏప్రిల్ 7న పోయినాడు. ఆ 12 మందిని వదలము అని వాస్కో ఉత్తరం రాసిన తేదీ కూడా ఏప్రిల్ 7.

ఆయన పోయినా ఆ మాట పోలేదు. నల్లవాణ్ణి గోలులో నిలబెట్టకూడదు అనేది బ్రెజిల్‌లో రాయని నియమంలాగ నడిచింది. 1966లో మాంగా ఒక్క ఆట ఆడినాడు, ఓడినారు, ఆయన మీదా నింద పడింది. ప్రపంచకప్పులో బార్బోజా తర్వాత మొదటి వరస గోల్‌కీపరుగా నల్లవాడు నిలబడింది 2006లో, దీదా. 56 ఏండ్లు! 1950లో తొమ్మిదేండ్ల పిల్లవాడుగా తండ్రి ఏడవడం చూసిన పెలే నల్లవాడే, మూడు కప్పులు తెచ్చినాడు. గోలు కొట్టే నల్లవాడి మీద నమ్మకం వచ్చింది. గోలు కాపాడే నల్లవాడి మీద రావడానికి ఇంత కాలం పట్టింది.

2014 జూలై 8న బ్రెజిల్ సొంత గడ్డ మీద జర్మనీ చేతిలో 1-7తో ఓడింది. ఆ రాత్రి ఆ దేశంలోనే చాలామంది, ఇకనైనా బార్బోజాను వదలండి అని రాసినారు. ఏడు గోల్సు పడినప్పుడు రెండు గోల్సు మనిషికి క్షమాపణ దొరికింది. మాకు ఇది న్యాయంలాగ తోచలేదు. వేరే పెద్ద అవమానం దొరికింది కాబట్టి పాతది మరిచినారు, అంతే. గిగ్గియా మరుసటి ఏడు, 2015లో పోయినాడు. తేదీ జూలై 16. ఆ గోలు కొట్టిన రోజుకు సరిగ్గా 65 ఏండ్లు.

వాస్కో క్లబ్బు రియోలో కట్టుకున్న కొత్త శిక్షణ మైదానానికి మొఆసిర్ బార్బోజా పేరు పెట్టింది. ఆలస్యమే, కానీ పెట్టింది.

ఒక మనవి. 1988లో బ్రెజిల్‌లో "బార్బోజా" అని ఒక చిన్న సినిమా తీసినారు, పావుగంట కూడా లేదు. ఒక మనిషి కాలంలో వెనక్కి పోయి 1950 జూలై 16న ఆ గోలును ఆపాలని చూస్తాడు. గోలు వెనక నిలబడి బార్బోజాను కేక వేసి పిలుస్తాడు. బార్బోజా ఆ కేకకు తల తిప్పుతాడు, బంతి లోపలికి పోతుంది. అందులో ముసలివాడైన అసలు బార్బోజా కూడా కనిపించి మాట్లాడతాడు. వచ్చే నెల మన పిల్లల తెలుగు తరగతి ముగిసినాక సంఘం హాలులో దీన్ని వేద్దామా? మాటలు పోర్చుగీసువి. పక్కన నిలబడి తెలుగులో చెప్పడానికి మేము సిద్ధం. ప్రొజెక్టరు ఎవరి దగ్గర ఉందో కింద రాయండి.